రెండో ఇంధనం వేరే దారిలో రావాలి: విదేశీ యుద్ధాలు, చిన్న పరిశ్రమల ఎంపికలు

2022 మార్చిలో ఆర్టీసీ బస్సులు ప్రైవేటు పెట్రోలు బంకుల ముందు లారీల వెనక నిలబడిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. డిపోలో సొంత పంపు ఉంది, ట్యాంకు ఉంది. అయినా బస్సు బయటి బంకుకే పోయింది. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపాక, మార్చి 7న పీపా ముడిచమురు ఒక దశలో 139 డాలర్లను తాకింది. బంకుల్లో మామూలు జనానికి అమ్మే ధరను మాత్రం చమురు సంస్థలు అంతకుముందు నవంబరు నుంచీ కదల్చలేదు. టోకున కొనే ఆర్టీసీలకు, ఫ్యాక్టరీలకు ఆ గొడుగు లేదు. వాళ్లకు లీటరు మీద ఒక్కసారిగా పాతిక రూపాయల దాకా పెరిగింది. అదే డీజిలు, అదే శుద్ధి కర్మాగారం. ఏ గుమ్మంలోంచి కొంటే ఆ ధర.

చిన్న పరిశ్రమల ఖర్చుల లెక్కలు చూడటం నా పని. మిఠాయి తయారీ కేంద్రాలు, బేకరీలు, రైస్ మిల్లులు, ఇనుప సామానుకు రంగు కాల్చే షెడ్లు, నాలుగైదు లారీలున్న రవాణాదారులు. ఆ మార్చి నుంచి అందరూ నన్ను అడుగుతున్నది ఒకటే: "ఏ ఇంధనం చౌక?" ఈ రోజు చౌకైనది ఏదో తెలుసుకోవడానికి నా అవసరం లేదు, బిల్లు చూస్తే చాలు. యుద్ధకాలంలో అడగాల్సిన ప్రశ్నలు మూడు. ధర ఎవరి చేతిలో ఉంది? ఎక్కడో బాంబు పడితే మన బిల్లు మీద ఎన్నాళ్లకు పడుతుంది? ఆ ఇంధనం వద్దనుకుంటే ఎంత ఖర్చుతో, ఎన్ని రోజుల్లో బయటపడగలం? మూడో ప్రశ్నకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఎందుకో చెబుతాను.

ముందు జర్మనీ, తర్వాత మోర్బీ

యుద్ధానికి ముందు జర్మనీ దిగుమతి చేసుకునే సహజవాయువులో సగానికి పైగా రష్యాదే. గొట్టంలో వచ్చే గ్యాసు, దశాబ్దాల ఒప్పందాలు, మంచి ధర. ఆ ధరను నమ్ముకునే అక్కడి రసాయన పరిశ్రమ పెరిగింది. 2022 వేసవిలో గొట్టంలో ప్రవాహం తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. సెప్టెంబరులో సముద్రం అడుగున ఉన్న నార్డ్ స్ట్రీమ్ గొట్టాలే పేలిపోయాయి. ఓడల్లో గ్యాసు దింపుకోవడానికి విల్హెల్మ్స్‌హాఫెన్‌లో పది నెలల్లోపే టెర్మినల్ కట్టి డిసెంబరులో ప్రారంభించారు. ప్రభుత్వం కాబట్టి ఆ పని చేయగలిగింది. అయినా లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్ తన అమ్మోనియా యూనిట్లలో ఒకదాన్ని మూసేస్తున్నట్టు 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

గుజరాత్‌లోని మోర్బీ కథ వేరు. మన ఇళ్లలో పరిచే టైల్స్‌లో ఎక్కువ భాగం అక్కడివే. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 మార్చిలో బొగ్గు గ్యాసిఫయర్లను (బొగ్గు నుంచి గ్యాసు తీసే యంత్రాలను) మూయించడంతో బట్టీలన్నీ గొట్టపు గ్యాసుకు మారాయి. మూడేళ్లు తిరక్కుండానే గ్యాసు ధర ఆకాశానికి పోయింది. 2022 ఆగస్టులో చాలా బట్టీలను కొన్ని వారాలపాటు చల్లబెట్టుకున్నారు. కానీ అక్కడి వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎల్‌పీజీ జాతికే చెందిన ప్రొపేన్ గ్యాసుకు ట్యాంకులు పెట్టించారు, బర్నర్లకు మార్పులు చేయించారు. ఇప్పుడు ఏది లాభమైతే దాన్ని కాల్చగలిగే స్థితికి చాలా యూనిట్లు చేరాయి. గల్ఫ్ ధరలకు కొలబద్దగా వాడే సౌదీ ఆరామ్‌కో నెలవారీ ప్రొపేన్ ధర 2022 ఏప్రిల్‌లో టన్నుకు 940 డాలర్లు, 2023 జులైలో 400. ఆ పతనం లాభం రెండు ఇంధనాలు సిద్ధంగా పెట్టుకున్నవాడికే దక్కింది.

"మాకు ఒప్పందం ఉందండీ" అనేవారికి ప్రభుత్వ గ్యాసు సంస్థ గెయిల్ అనుభవం చెబుతుంటాను. రష్యా సంస్థ గాజ్‌ప్రోమ్‌కు చెందిన సింగపూర్ విభాగంతో గెయిల్‌కు 20 ఏళ్ల ఒప్పందం ఉంది, ఏటా 25 లక్షల టన్నుల ద్రవ సహజవాయువు కోసం. యుద్ధం వచ్చాక ఆ విభాగానికి మాతృసంస్థ జర్మన్ ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. 2022 మధ్య నుంచి సరుకు రావడం ఆగింది. ఇక్కడ ఎరువుల కర్మాగారాలకు గెయిల్ సరఫరా తగ్గించాల్సి వచ్చింది. గెయిల్ అంతటి సంస్థ ఒప్పందానికే ఆ గతి పడితే, మన వీధి చివరి ఏజెన్సీ ఇచ్చే మాటకు ఎంత విలువ కట్టాలో ఆలోచించండి.

వేడి కావాలంటే

పోల్చే ముందు అన్నిటినీ ఒకే తూకంలోకి తేవాలి. కిలో, లీటరు, ఘనపు మీటరు, యూనిట్ అని నాలుగు కొలతలు పెట్టుకుని వాదించుకుంటే తెల్లారిపోతుంది. కిలో ఎల్‌పీజీలో సుమారు 11,000 కిలోకెలోరీల వేడి ఉంటుంది. లీటరు డీజిలులో 8,600, ఘనపు మీటరు గొట్టపు గ్యాసులో 8,500, కిలో వరి ఊకలో 3,000 నుంచి 3,300. ఒక యూనిట్ కరెంటులో 860. దీన్ని మీ పొయ్యి ఎంత వాడుకోగలదో దానితో గుణించాలి. గాలికి తెరిచి ఉన్న పెద్ద బర్నరు సగం వేడిని వంటశాలకే ధారపోస్తుంది. ఇండక్షన్ పొయ్యి 85 శాతం దాకా గిన్నెకు చేరుస్తుంది. మంచి గ్యాసు బాయిలరు కూడా ఇంచుమించు అంతే. ఊక బాయిలరైతే 65 శాతం అనుకోండి.

ఒక ఉదాహరణ. 19 కిలోల వాణిజ్య సిలిండరు 1,900 రూపాయలనుకుందాం, అంటే కిలో 100. తెరిచిన బర్నరు మీద కిలో గ్యాసు చేసే పనిని ఇండక్షన్ మీద ఏడున్నర యూనిట్లు చేస్తాయి. కాబట్టి కరెంటు యూనిట్ 13 రూపాయల లోపు పడినంత కాలం ఇండక్షనే గెలుస్తుంది. 2022 మేలో ఢిల్లీలో ఇదే సిలిండరు 2,355 రూపాయల 50 పైసలకు చేరింది, హైదరాబాద్‌లో అంతకన్నా ఎక్కువ. ఆ ధరకు లెక్కేస్తే యూనిట్ 16 రూపాయలైనా కరెంటుదే పైచేయి. ఈ లెక్క చూపించినప్పుడల్లా హోటళ్ల వాళ్లు నన్ను అనుమానంగా చూస్తారు. దోసెల పెనానికి, పెద్ద కళాయిలో పాకానికి ఇండక్షన్ సరిపోదని వంటమాస్టర్లు అంటారు. పాకం విషయంలో వాళ్ల మాట కాదనలేను. అన్నం, పప్పు, సాంబారు, పాలు కాచడం వంటి గంటలకొద్దీ సాగే పనులను మాత్రం కరెంటు మీదికి మార్చవచ్చు. మార్చే ముందు మంజూరైన లోడు సరిపోతుందో లేదో చూసుకోవాలి. లోడు పెంచితే ప్రతి నెలా కట్టే స్థిర ఛార్జీ పెరుగుతుంది, దాన్ని కూడా లెక్కలో కలపాలి.

వాణిజ్య ఎల్‌పీజీ గుణం ఒక్క మాటలో: దెబ్బ త్వరగా తగులుతుంది, త్వరగా తగ్గుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున ధర మారుతుంది. మన దేశం వాడే ఎల్‌పీజీలో దాదాపు 60 శాతం దిగుమతే. ఆ దిగుమతిలో అత్యధిక భాగం ఇరాన్ పక్కన గల్ఫ్ ముఖద్వారంలా ఉన్న హోర్ముజ్ జలసంధి దాటి రావలసిందే. దీనికి ఉన్న మేలేమిటంటే కట్టుబాటు లేదు. సిలిండరు వద్దనుకుంటే రేపటి నుంచి తీసుకోవడం మానేయవచ్చు. ధర పెరిగినప్పుడల్లా ఇంటి సిలిండర్లను హోటల్ వెనక్కి తెప్పించే ఆలోచన కొందరికి వస్తుంది. అది చట్టప్రకారం నేరం. పైగా దొరికితే పోయేది సిలిండరు ఒక్కటే కాదు, ఆ పూట వ్యాపారం కూడా.

గొట్టపు గ్యాసు సౌకర్యం ఎక్కువ, కట్టుబాటు ఎక్కువ. నిల్వ గొడవ లేదు, సిలిండర్లు మార్చే మనిషి అక్కర్లేదు, నగరంలో కాలుష్యం మాట రాదు. ధర సంగతికి వస్తే, మన కాకినాడ తీరంలో గ్యాసు పైకి వస్తోంది కదా, మనకేం భయమని అనుకునేవాళ్లున్నారు. దేశంలోని పాత బావుల నుంచి వచ్చే గ్యాసుకు ప్రభుత్వం కట్టిన ధర 2022 మార్చి దాకా పది లక్షల బీటీయూలకు (గ్యాసులోని వేడిని కొలిచే కొలత) 2.90 డాలర్లు. ఏప్రిల్‌లో 6.10, అక్టోబరులో 8.57 అయింది. అప్పటి సూత్రం ప్రకారం మన ధర విదేశీ గ్యాసు విపణులను అనుసరించేది. బావి మనది, తూకం రాయి వాళ్లది. 2023 ఏప్రిల్‌లో సూత్రం మార్చి, ఈ గ్యాసుకు ముడిచమురు ధరలో పదో వంతుగా, అప్పట్లో 6.50 డాలర్ల గరిష్ఠ హద్దుతో ధర కట్టడం మొదలుపెట్టారు. కానీ ఆ గ్యాసు ముందుగా ఇళ్లకు, వాహనాలకు పోతుంది. పరిశ్రమకు వచ్చేదాంట్లో దిగుమతి గ్యాసు పాలు ఎక్కువ.

గొట్టపు గ్యాసు ఒప్పందంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవాలి: కనీస వినియోగం. ఇంత గ్యాసు వాడతానని ఒప్పుకుంటే, వాడకపోయినా దానిలో ఇంత శాతానికి డబ్బు కట్టాలి. ఆర్డర్లు బాగున్న రోజుల్లో ఈ షరతు ఎవరికీ కనిపించదు. నేను చూసిన ఒక రంగు కాల్చే షెడ్డులో, మూడు నెలలు పని సగానికి పడిపోయినా గ్యాసు బిల్లు సగానికి పడలేదు. యజమాని బిల్లు తప్పుగా వచ్చిందని పోట్లాటకు దిగాడు. ఒప్పందం తీసి చూస్తే సంతకం ఆయనదే.

ఇక ఊక, కట్టె, బ్రికెట్లు (పొట్టు, పంట వ్యర్థాలు ఒత్తి చేసిన దిమ్మలు). బాయిలరుతో ఆవిరి తయారుచేసే వాళ్లకు దీన్ని మించింది లేదనేది నా పక్షపాతం, దాచుకోను. పైన ఇచ్చిన అంకెలతోనే చూడండి: కిలో ఎల్‌పీజీ ఇచ్చే ఆవిరిని నాలుగున్నర కిలోల ఊక ఇస్తుంది. ఊక కిలో 6 రూపాయలనుకున్నా 27 రూపాయల్లో 100 రూపాయల పని. అది హోర్ముజ్ దాటి రాదు, మిర్యాలగూడ నుంచో తాడేపల్లిగూడెం నుంచో వస్తుంది. అయితే ఊకకు తన యుద్ధాలు తనకున్నాయి. కోతలప్పుడు కుప్పలుగా దొరికేది వానాకాలంలో తడిసి, ధర పెరిగి, దొరక్కుండా పోతుంది. వంద కిలోలు కాలిస్తే ఇరవై కిలోల దాకా బూడిద మిగులుతుంది, దాన్ని ఎక్కడ పోయాలన్నది రోజువారీ తగాదా. నగరంలో పొగ గొట్టం లేపితే పక్కింటివాడు ఊరుకోడు. పైగా మీ పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతిలో ఏ ఇంధనం అని రాసి ఉంటుంది. దాన్ని మార్పించుకోకుండా ఇంధనం మారిస్తే ఆదా అయిన డబ్బు జరిమానాకే పోతుంది. గ్యాసు మండిపోతున్న నెలలో అందరూ ఒక్కసారిగా ఊక కోసం పరిగెత్తితే ఊక కూడా ఏడిపిస్తుంది. అందుకే నిల్వ షెడ్డును బాయిలరుతో పాటే కట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. మోర్బీ పాఠం సగమే. గొట్టపు గ్యాసుకు జతగా ప్రొపేన్ పెట్టుకోవడం ఉక్రెయిన్ యుద్ధం నాటి చిక్కుకు మందు. హోర్ముజ్ దగ్గర చిక్కు వస్తే అది పని చేయదు. మన ద్రవ సహజవాయువులో పెద్ద వాటా ఖతార్‌ది. ఆ వాయువును దిగుమతి చేసుకునే పెట్రోనెట్ సంస్థ ఏటా 75 లక్షల టన్నుల ఖతార్ ఒప్పందాన్ని 2048 దాకా పొడిగించుకుంది. ఆ ఓడలూ, ఎల్‌పీజీ ఓడలూ ఒకే ఇరుకు సందులోంచి వస్తాయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు కొట్టుకున్నప్పుడు జలసంధి మూయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించింది. ఆ యుద్ధంలో మూయలేదు, చమురు ధర కూడా 80 డాలర్ల దాకా ఎగిరి దిగింది. అయినా ఆ పన్నెండు రోజులూ "మాకు రెండు ఇంధనాలున్నాయి" అని ధీమాగా ఉన్నవాళ్లకు నిజానికి ఉన్నది ఒక్కటే. రెండు తాళాలు, ఒకే తాళంచెవి. జత కట్టేటప్పుడు ఒకటి సముద్రం దాటి వచ్చేదైతే రెండోది జిల్లాలో పుట్టేదై ఉండాలి: ఎల్‌పీజీకి కరెంటు, గొట్టపు గ్యాసుకు బ్రికెట్ బాయిలరు.

కరెంటుకు యుద్ధం తగలదా?

తగులుతుంది, నెమ్మదిగా. 2022 మార్చిలో డిస్కంలు అప్పటికప్పుడు కరెంటు కొనుక్కునే విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయల హద్దును తాకింది. ఏప్రిల్ మొదట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి దాన్ని 12కు కట్టడి చేసింది. ఎండలు ముదిరాయి, స్వదేశీ బొగ్గు చాల్లేదు, విదేశీ బొగ్గు టన్ను 400 డాలర్లు దాటింది. దిగుమతి బొగ్గుతో నడిచే కేంద్రాలు నష్టానికి కరెంటు తీయలేక ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 8 నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. నిరంతరం నడిచే యూనిట్లు సగం కరెంటుతో సరిపెట్టుకోవాలి. మిగతావి వారాంతపు సెలవుకు తోడు మరో రోజు మూసుకోవాలి. జనరేటరు వేసుకున్నవాళ్లకు లీటరుకు మూడున్నర యూనిట్లకు మించి రాలేదు. అప్పటి డీజిలు 105 రూపాయలు, అంటే యూనిట్ 30.

ఆ ఏడాది డిస్కంలు ఎక్కువ పెట్టి కొన్న కరెంటు ఖర్చు వినియోగదారుడి దగ్గరకు ఎప్పుడు వచ్చింది? 2022-23 నాటి ఇంధన సర్దుబాటు ఛార్జీలు ఆంధ్రప్రదేశ్ బిల్లుల్లో 2024 డిసెంబరు నుంచి కనిపించాయి. గ్యాసు దెబ్బ ఒకటో తారీఖున తగులుతుంది, కరెంటు దెబ్బ రెండేళ్లకు తగులుతుంది. ఇది మంచిదా చెడ్డదా? నగదు బిగుసుకున్న రోజుల్లో ఆలస్యం వరమే. కానీ అప్పుడు అమ్మిన సరుకు ధరలో ఈ ఖర్చు వేసుకోలేదు కదా. అందుకే కరెంటు మీద నడిచే నా ఖాతాదారులకు యూనిట్‌కు అర్ధ రూపాయి చొప్పున పక్కన పెట్టమని చెబుతాను. పెట్టేవాళ్లు తక్కువ.

పైకప్పు మీద సౌర ఫలకాలు యుద్ధాల నుంచి నిజంగానే ఎక్కువ దూరం తీసుకుపోతాయి. మన దగ్గర ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, వంద చదరపు అడుగుల చోటు పడుతుంది. పెట్టుబడి పెట్టిన రోజున ధర ఖాయమైపోతుంది, ఆ తర్వాత ఎవరు ఎవరి మీద దండెత్తినా సూర్యుడు రేటు పెంచడు. ఒక్క పొరపాటు మాత్రం చాలామంది చేస్తారు. గ్రిడ్‌కు కలిపిన మామూలు సౌర వ్యవస్థ, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పని చేసే మనిషికి షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. పవర్ హాలిడే రోజున లైనే ఆపేస్తే, మీ పైకప్పు మీద మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా షెడ్డులో చీకటే. జనరేటరుతో కలిసి నడిచేలా, లేదా కొంత బ్యాటరీతో పెట్టించుకుంటేనే ఆ రోజున అక్కరకు వస్తుంది. కొటేషన్ తీసుకునేటప్పుడే ఇది అడగాలి.

చక్రాల సంగతి

ఇక్కడ పోలిక కాస్త తలకిందులుగా ఉంటుంది. ప్రపంచ విపణికి అతి దగ్గరగా ఉండే డీజిలు, 2022 తర్వాతి ఏళ్లలో బంకు దగ్గర అతి నిలకడగా ఉండిపోయింది. 2022 మార్చి 22 నుంచి రెండు వారాల్లో లీటరుకు పది రూపాయలు పెంచారు, మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకం ఆరు రూపాయలు తగ్గించింది. ఆ తర్వాత మూడేళ్లపాటు, 2024 మార్చిలో తగ్గించిన రెండు రూపాయలు తప్ప, చమురు సంస్థలు దాదాపు ముట్టుకోలేదు. పీపా ధర పెరిగినప్పుడు పెరగనిది తగ్గినప్పుడు తగ్గలేదు కూడా. ఇది విపణి ధర కాదు, రాజకీయ ధర. లారీ యజమానికి కిరాయి కుదుర్చుకోవడానికి నిలకడ పనికొస్తుంది. అయితే ఆ గొడుగు బంకు దగ్గరే ఉంటుందని, సొంత ట్యాంకు పెట్టుకుని టోకున కొంటే ఉండదని ఆర్టీసీ మనకు నేర్పింది. పెద్ద ఫ్లీటు ఉన్నవాళ్లు సొంత పంపు పెట్టించుకునే ముందు ఆ మార్చిని గుర్తుచేసుకోవాలి.

సీఎన్‌జీ చౌక అని నమ్మి ఆటోలు, చిన్న ట్రాలీలు కొన్నవాళ్లను ఆ ఏడాది గట్టిగా దెబ్బతీసింది. ఢిల్లీలో 2021 సెప్టెంబరు నాటికి కిలో 45 రూపాయలున్నది 2022 డిసెంబరుకు 79 దాటింది. మన నగరాల్లో గొట్టాలు ఇంకా తక్కువ, ధర ఇంకా ఎక్కువ. డీజిలుతో పోలిస్తే ఆదా ఇప్పటికీ ఉంది గానీ, బండి అదనపు ధర తిరిగి రావడానికి పట్టే కాలం పెరిగింది. దారిలో బంకులు రెండు మూడు ఉన్నచోట, పెట్రోలుతో కూడా నడిచే బండి అయితేనే నేను సరే అంటాను.

విద్యుత్ బండికి యుద్ధ భయం లేదనడం సగం నిజం. బ్యాటరీకి వాడే లిథియం ధర 2022 చివర్లో శిఖరానికి పోయి, ఏడాదిలో అయిదారో వంతుకు పడిపోయింది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాలతో చేసే అయస్కాంతాల ఎగుమతికి అడ్డుకట్ట వేస్తే మన దేశంలో విద్యుత్ బండ్ల తయారీదారులు గగ్గోలు పెట్టారు. అది తుపాకులు లేని యుద్ధం, కానీ యుద్ధమే. తేడా ఎక్కడంటే, ఈ దెబ్బలన్నీ బండి కొనే రోజున తగులుతాయి. కొన్నాక రోజూ పొద్దున్నే తగలవు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందే తెలిసి, రాత్రికి అదే చోటుకు వచ్చే బండికి ఇంతకన్నా మంచిది లేదు. పాలు, బ్రెడ్, మందులు పంచే బండ్లు అలాంటివే. తిరుపతి నుంచి తిరుమలకు ఏపీఎస్‌ఆర్టీసీ 2022లో విద్యుత్ బస్సులు వేసింది కూడా ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది: దూరం ఖాయం, రాకపోకలు ఖాయం, కొండ దిగేటప్పుడు బ్రేకుల నుంచి కొంత కరెంటు వెనక్కి వస్తుంది. విజయవాడ నుంచి కోల్‌కతాకు చేపలు మోసే లారీకి ఈ మాట ఇప్పుడే చెప్పలేను.

రైలు గురించి ఒక్క మాట. మొక్కజొన్న, సిమెంటు వంటి బరువైన సరుకు వందల కిలోమీటర్లు పోవాలంటే చమురు కల్లోలం అతి తక్కువ తగిలేది అక్కడే. కానీ ఒక లారీ సరుకున్న చిన్న వ్యాపారికి వ్యాగన్ దొరకడం తేలిక కాదు.

ఓడ ఎక్కే సరుకు

2023 నవంబరు 19న యెమెన్‌కు చెందిన సాయుధ వర్గం హూతీలు ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. నెల తిరిగేసరికి పెద్ద కంటెయినర్ సంస్థలు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా చివరన గుడ్‌హోప్ అగ్రం చుట్టూ ఓడలను తిప్పడం మొదలుపెట్టాయి. పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ. అందరికీ ఒకేలా తగిలిందా? లేదు. గుంటూరు మిర్చి ఎక్కువగా చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్ వైపు పోతుంది కాబట్టి దానికి ఆ సముద్రంతో పని లేదు. భీమవరం, నెల్లూరు రొయ్య అమెరికా తూర్పు తీరానికి, ఐరోపాకు పోవాలి, దానికి తగిలింది. చీమకుర్తి గ్రానైట్‌కూ ఐరోపా వైపు అంతే.

రొయ్య ఎగుమతిదారు లెక్క ఇలా ఉంటుంది. నలభై అడుగుల శీతల కంటెయినర్‌లో సరుకు విలువ 1.10 కోట్లనుకుందాం. ఏటా 10 శాతం వడ్డీతో పద్నాలుగు రోజుల ఆలస్యానికి 42,000 రూపాయలు. గడ్డకట్టించిన సరుకు కాబట్టి పాడవదు. ఇది భరించగలిగిందే. అసలు దెబ్బ కంటెయినర్ అద్దెది. అది రెండు వేల డాలర్లు పెరిగినా లక్షన్నర పైమాట. పైగా ఓడలు ఆలస్యంగా తిరిగొస్తాయి కాబట్టి ఖాళీ కంటెయినర్లు దొరకవు, సరుకు శీతల గిడ్డంగిలో అద్దె కడుతూ కూర్చుంటుంది. కాబట్టి దారి ఎంచుకోవడం కన్నా అమ్మకం షరతు ఎంచుకోవడం ముఖ్యం. మన రేవులో ఓడ ఎక్కించేదాకానే మన బాధ్యత అనే ఎఫ్‌ఓబీ పద్ధతిలో అద్దె పెరిగితే కొనేవాడికి తగులుతుంది. అద్దె, బీమా మనమే కట్టే సీఐఎఫ్ పద్ధతిలో మనకు తగులుతుంది. మామూలు రోజుల్లో సీఐఎఫ్‌లో నాలుగు డబ్బులు మిగులుతాయి. సముద్రం మీద తుపాకులు మోగుతున్నప్పుడు చిన్న ఎగుమతిదారుకు ఎఫ్‌ఓబీయే క్షేమం, ధరలో కొంత తగ్గినా సరే.

విమానమా? హైదరాబాద్ మందులకు కుదురుతుంది, కిలో విలువ ఎక్కువ కాబట్టి. రొయ్యకు, గ్రానైట్‌కు ఆ మాటే లేదు. దుబాయ్ దాకా ఓడలో, అక్కడి నుంచి విమానంలో పంపే మధ్యేమార్గం ఎర్ర సముద్రం గొడవలో చాలామందికి ఆదుకుంది. కానీ జెబెల్ అలీ రేవు హోర్ముజ్ లోపల ఉంది. ఆ వైపు మంట లేస్తే ఈ దారే ముందు మూసుకుపోతుంది.

యుద్ధ బీమా గురించి తెలియక మునిగినవాళ్లున్నారు. సరుకు మీద తీసుకునే మామూలు సముద్ర బీమాలో యుద్ధ నష్టం ఉండదు, విడిగా కొనాలి. కొన్నా, అది సరుకు నీటి మీద ఉన్నంతవరకే, రేవు గిడ్డంగిలో ఉన్నప్పుడు కాదు. పైగా ఏడు రోజుల నోటీసుతో బీమా సంస్థ దాన్ని రద్దు చేసుకోవచ్చు. 2025 జూన్‌లో ఇరాన్‌కు పోవాల్సిన దాదాపు లక్ష టన్నుల బాస్మతి గుజరాత్ రేవుల్లో నిలిచిపోయినప్పుడు వ్యాపారులకు ఓడలూ దొరకలేదు, బీమా కూడా దొరకలేదు.

ఎవరికి ఏది

హోటలు, మిఠాయి కేంద్రం నడిపేవాళ్లు ఎల్‌పీజీ ఉంచుకోండి, గొట్టపు గ్యాసు ఇంకా రాలేదని బాధపడకండి. గంటలకొద్దీ కాచే పనుల్లో మూడో వంతు ఇండక్షన్‌కు మార్చండి. పూర్తిగా మార్చవద్దు, పవర్ హాలిడే మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆవిరి వాడే రైస్ మిల్లు, ఆహార శుద్ధి, చిన్న మందుల యూనిట్ అయితే ఊరి బయట ఉంటే ఊక లేదా బ్రికెట్లు, కనీసం నెల రోజుల పొడి నిల్వతో. ఊరి లోపల ఉంటే గొట్టపు గ్యాసు తప్పదు. అప్పుడు కనీస వినియోగం మీ సగటులో సగానికి మించకుండా బేరమాడండి. మిగతా సగం స్వేచ్ఛకు యూనిట్ ధర కాస్త ఎక్కువైనా ఇవ్వండి. రంగు కాల్చే షెడ్లు, చిన్న బట్టీలు ఉన్నవాళ్లు బర్నరు కొనేటప్పుడే రెండు ఇంధనాలకు పనికొచ్చేది కొనండి. తర్వాత మార్పించుకుంటే నాజిల్, పీడనం, గాలి పాళ్లు అన్నీ మళ్లీ సరిచేయాలి, బట్టీ వారం ఆగుతుంది.

పది బండ్ల లోపు రవాణాదారు డీజిలు బంకులోనే కొనాలి, ఊళ్లో తిరిగే రెండు బండ్లు విద్యుత్‌వి పెట్టుకోవాలి, కిరాయి ఒప్పందంలో డీజిలు ధర ఇంత దాటితే కిరాయి ఇంత పెరుగుతుందని రాయించుకోవాలి. ఈ చివరి వాక్యం రాయించడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. పెద్ద కంపెనీలు మాత్రం సిగ్గుపడకుండా తమ అమ్మకపు ఒప్పందాలన్నిటిలో రాయించుకుంటాయి. మీ దగ్గరున్న గ్యాసు ఒప్పందం తీసి చూడండి, ధర పెంచే హక్కు సరఫరాదారుకు ఏ పేజీలో ఉందో కనిపిస్తుంది.